అంగడిపైనున్న పేరు

హైదరాబాదు నగరమునకు పోయి వచ్చినవారు మన కర్నూలు, కడప ప్రాంతములలో వట్టిచేతులతో ఇల్లు చేరుట అరుదు. సంచి క్రింద పెట్టకమునుపే పిల్లలు చుట్టును మూగుదురు. ఆ సంచిలో పండ్లముక్కలు పొదిగిన బిస్కత్తులో, ఉస్మానియా బిస్కత్తులో, ప్లమ్ కేకో ఉండి తీరవలెను. వైద్యమునకై పోయినవారు గాని, ఉద్యోగపు పరీక్షకై పోయినవారు గాని, బంధువుల యింటి పెండ్లికి పోయినవారు గాని, తిరుగు ప్రయాణమునకు బండి యెక్కకముందు ఒక్క గడియ తీరిక చేసికొని బేకరీకి పోయి వచ్చెదరు. కర్నూలునుండి హైదరాబాదు దాదాపు 210 కిలోమీటర్లు. అంత దూరము పోయి వచ్చితిమనుటకు ఆ అట్టపెట్టె యొక సాక్ష్యము. నగరమందలి బేకరీలలో మన సీమవారి నోట తఱచుగా వినబడు పేరు కరాచీ బేకరీ.

ఆ తినుబండారముల రుచిని గూర్చి మాత్రమే వ్రాయుట మా యుద్దేశము కాదు. ఆ యంగడి నామఫలకముమీది మొదటి మాటను గూర్చి గడచిన కొన్ని సంవత్సరములలో వాదములు రేగినవి. ఆ పేరు చెరిపివేయవలెనని కొందఱు పట్టుబట్టిరి. మా యభిప్రాయమును దాచక మొదటనే చెప్పెదము. ఆ పేరు తీసివేయుమని యొకరిని నిర్బంధించుట ఎవ్వరికిని తగదు. మన రాయలసీమవారికి బొత్తిగా తగదు. ఏల తగదో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుటకే ఈ వ్యాసము.

ముందుగా ఆ యంగడి యున్న తావును చెప్పవలెను. హైదరాబాదు నడిబొడ్డున మొజంజాహి మార్కెట్టు కలదు. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ రెండవ కుమారుని పేరిట 1935లో రాతితో కట్టించిన కట్టడమది. దాని గడియారపు గోపురము దూరమునకే కనబడును. ఆ మార్కెట్టు చెంతనే కరాచీ బేకరీ మొదటి యంగడి యున్నది. లోపల అడుగు పెట్టినంతనే వెన్న, యేలకులు, కాలిన చక్కెర కలగలిసిన వాసన యెదురు వచ్చును. అద్దపు బీరువాలలో కేకులును, పేస్ట్రీలును, పఫ్‌లును వరుసలు తీరియుండును. బడిపిల్లలు మొదలుకొని ముసలివారి వఱకు అందఱును ఒకే గల్లాపెట్టె ముందర నిలువవలసినదే.

పఫ్ అను దానిని తినని విద్యార్థి నేడు మన పాఠశాలలో ఉండడు. అది పొరలుపొరలుగా పొంగుటకు కారణము తెలిసినవారు మాత్రము కొలదిమందియే. మైదాపిండి ముద్దను సాచి, నడుమ వెన్ననో వనస్పతినో ఉంచి మడిచెదరు. మరల సాచి మరల మడిచెదరు. ఇట్లు పలుమారులు చేయుటచే పిండిపొరయు కొవ్వుపొరయు ఒకదానిపై నొకటి యేర్పడును. పొయ్యి వేడికి పిండిలోని నీరు ఆవిరియై పొరలను పైకెత్తును. నడుమనున్న కొవ్వు వానిని అంటుకొననీయదు. ఫ్రూట్ బిస్కత్తులో మెఱయు ఎఱ్ఱని, పచ్చని ముక్కలు ఏవో సీమదేశపు పండ్లని పిల్లలు తలంతురు. అవి పచ్చిబొప్పాయిని ముక్కలుగా తరిగి, చక్కెర పాకములో ఉడికించి, రంగు వేసి ఆరబెట్టినవి. బొప్పాయి మన రైల్వే కోడూరు ప్రాంతమున తోటలు తోటలుగా పండునదే కదా! పేరు కరాచీది; లోపలి సరకు మాత్రము మనకు తెలియని దేదియు కాదు.

గత శీతకాలమున మా పాఠశాల విద్యార్థులను సాలార్‌జంగు మ్యూజియము చూపుటకై హైదరాబాదు తీసికొనిపోయితిమి. సాయంకాలము అందఱును బేకరీకి పోదమనిరి. వాకిట నిలిచి నామఫలకమును చదివిన యొక బాలుడు, “అయ్యవారూ, ఇది పాకిస్థానోళ్ల అంగడంట గదా? మనం కొనొచ్చా?” యని యడిగెను. వాని ప్రక్కనున్న పులివెందుల బాలిక వెంటనే, “అట్లయితే మా తోటలో చీనీకాయలు గూడా తినగూడదేమో లే!” యనెను. పిల్లలందఱును నవ్విరి. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. వాని ప్రశ్న నిజమైన ప్రశ్న. పెద్దలు తగిన సమాధానము చెప్పవలసిన ప్రశ్న. చరిత్ర తెలియనిచో ఆ బాలుడే రేపు రాయి చేత పట్టుకొనవచ్చును.

ఆ యంగడి కథ యిది. 1947లో దేశము రెండుగా చీలినప్పుడు పంజాబు కొంత మనకు వచ్చెను, వంగదేశము కొంత మనకు వచ్చెను. సింధు రాష్ట్రము మాత్రము సాంతముగా అటువైపే పోయెను. కాబట్టి ఇటు వచ్చిన సింధీ హిందువులకు తమదని చెప్పుకొనుటకు ఈ దేశమున ఒక్క జిల్లాయైనను లేకపోయెను. పదిలక్షలకు పైబడిన జనులు ఇండ్లను, పొలములను, అంగళ్లను, పూర్వుల యూళ్లను విడిచి కట్టుబట్టలతో వచ్చిరి. వారిలో ఒకడు ఖాన్‌చంద్ రమ్నాని. ఆయన హైదరాబాదు చేరి, 1953లో మొజంజాహి మార్కెట్టు చెంత బేకరీ తెఱచి, దానికి తాను విడిచి వచ్చిన పట్టణము పేరు పెట్టెను. శత్రువును పొగడుటకై పెట్టిన పేరు కాదది. మరల పోవుటకు వీలులేని యూరిని నోట నిలుపుకొనుటకై పెట్టిన పేరు.

ఆ 1953వ సంవత్సరమే మన కర్నూలునకును మఱపురానిది. ఆ యేట అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము పుట్టెను. కర్నూలు దాని రాజధాని యయ్యెను. కట్టడములు చాలక గుడారములలో కార్యాలయములు నడచినవి. 1956లో రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. రాజధాని యన్న మాట పోయి డెబ్బది యేండ్లయినను మన పెద్దలు దానిని నేటికిని తలచుకొనుచున్నారు. మూడేండ్ల గౌరవమునే మఱవలేని మనము, తరతరముల యూరిని పోగొట్టుకొనినవానిని మఱచిపొమ్మని యెట్లు చెప్పగలము?

ఇక వాదమునకు వత్తము. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు హతులైరి. ఆ దుఃఖమునందు కొందఱు బెంగళూరిలోని కరాచీ బేకరీ శాఖ ముందర గుమిగూడి పేరు మార్చుమని కోరిరి. అచ్చటివారు కరాచీ యన్న మాటను కప్పివేసి జాతీయ పతాకమును కట్టిరి. 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని చంపిరి. పిమ్మట మే నెలలో సరిహద్దున పోరు సాగినప్పుడు విశాఖపట్టణమున ఈ బేకరీ యెదుట నిరసనలు జరిగినవి. హైదరాబాదు చెంతనున్న శంషాబాదులో నామఫలకమును పాడుచేసిరి. పోలీసువారు కేసు నమోదు చేసిరి. తమ తాత విభజనకాలమున వలస వచ్చినవాడనియు, తమది ముమ్మాటికిని భారతదేశపు సంస్థ యనియు యజమానులు బహిరంగముగా చెప్పుకొనవలసి వచ్చెను.

ఆ కోపము వెనుకనున్న దుఃఖమును మేము చులకన చేయుట లేదు. ఆ మే నెలలోనే శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలమునకు చెందిన యువసైనికుడు మురళీ నాయక్ జమ్మూకాశ్మీరు సరిహద్దున ప్రాణము విడిచెను. ఆయన మన సీమ బిడ్డ. ఆయన తలిదండ్రుల శోకము ముందర మన మాటలన్నియు చిన్నవే. అయితే ఒక్క మాట యడిగెదము. ఆ వీరుడు ప్రాణమొడ్డి కాపాడినది దేనిని? ఈ దేశమున ప్రతి పౌరుడును నిర్భయముగా బ్రతుకుటను, తన వృత్తి తాను చేసికొనుటను కాదా? సరిహద్దు నుండి తరుమబడి వచ్చినవాని మనుమల యంగడిపై రాయి విసరుటచే ఆ వీరుని ఋణము తీరునా? ఆ యంగడిలో పిండి పిసుకువారు, పెట్టెలు కట్టువారు, బరువులు మోయువారు ఈ దేశపు బిడ్డలే. ఫలకము పగిలిన నాడు పని పోవునది వారికే. శత్రువునకు దానివలన ఒక్క వెంట్రుకయు కదలదు.

కొందఱిట్లు చెప్పుదురు: “అంగడి వారిదే కావచ్చును, ఆ పేరు వినినంతనే మా మనస్సు నొచ్చుచున్నది, మా కొఱకు మార్చుకొన్న నేమి?” దీనికి రెండు సమాధానములు కలవు. మొదటిది చట్టము. ఏ వృత్తినైనను, వ్యాపారమునైనను చేసికొను స్వాతంత్ర్యము మన రాజ్యాంగము 19వ అధికరణమున పౌరులకు కలదు. యజమాని తనంతట తాను పేరు మార్చుకొనిన అది ఆయన యిష్టము. గుంపుగా పోయి మార్పించుట ఇష్టము కాదు, బలాత్కారము.

రెండవది చరిత్ర. కరాచీ యన్న మాట మన చరిత్ర పుస్తకములలోనే యున్నది. 1931లో సర్దారు వల్లభభాయి పటేలు అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగినది కరాచీలోనే. ప్రాథమిక హక్కులను గూర్చిన తీర్మానము అచ్చటనే ఆమోదింపబడినది. దానిని కరాచీ తీర్మానమందురు. పేరు నచ్చలేదని ఆ పుటను చింపివేయుదుమా? మన జాతీయ గీతమునందు సింధు పేరు కలదు. ఆ ప్రాంతము మన దేశమున లేదు గాన ఆ మాట తీసివేయవలెనని యొకరు సుప్రీం కోర్టునకు పోగా 2005లో న్యాయస్థానము అంగీకరింపలేదు. ప్రతి ఉదయము ప్రార్థనసమావేశమున మన పిల్లలు నిలువుగా నిలిచి ఆ పేరును పాడుచున్నారు. పాడిన నోటితోనే ఆ పేరున్న ఫలకమును దించుమనుట పొసగునా?

ఇంకొక విచిత్రమును మా పాఠకులు ఎఱుగవలెను. హైదరాబాదు అను పేరుగల నగరము సింధులోను ఒకటి కలదు. అచ్చట బొంబాయి బేకరీ యను ప్రసిద్ధమైన యంగడి యున్నది. 1911లో పహ్లాజ్‌రాయ్ గంగారామ్ థదానీ యను సింధీ హిందువు దానిని స్థాపించెను. విభజన తరువాతను ఆ కుటుంబము ఆ యూరు విడువలేదు. అచ్చటి కేకులకై జనులు వరుసలు కట్టుదురు. దూరపు బంధువులకు కానుకగా కొనిపోవుదురు. మన హైదరాబాదున కరాచీ పేరిట బేకరీ, వారి హైదరాబాదున బొంబాయి పేరిట బేకరీ! ఇచ్చట పేరు చెరిపిన, అచ్చట పేరు చెరుపుమనువానికి బలమిచ్చినట్లే యగును. ఉభయ పక్షములయందును గట్టిగా నిలిచి మంచిమాట చెప్పువాడే కఱవు.

ఇక మా బాలిక పలికిన చీనీకాయల మాట. నవ్వులాటగా పలికినను అది గట్టి వాదమే. పులివెందుల మొదలు అనంతపురము వఱకు చీనీతోటలు మన రైతుల బ్రతుకుదెరువు. ఆ పేరులో చీనాదేశము స్పష్టముగా వినబడుచున్నది. 1962లో చీనాతో యుద్ధము జరిగెను. మన సైనికులు పెక్కురు నేలకొఱగిరి. అయినను ఏ రైతును చీనీచెట్టును నఱకలేదు, పేరును మార్చలేదు. మన వంటయింటిలో ఉప్మాకు వాడునది బొంబాయి రవ్వ. మిఠాయి యంగడిలో బొంబాయి హల్వా యని పిలుచుదానికే కరాచీ హల్వా యనియు పేరు. పొరలు పొరలుగా ఉండు డేనిష్ పేస్ట్రీని మనము డెన్మార్కు పేరుతో పిలుతుము. డెన్మార్కు వారు దానిని వియన్నా రొట్టె యందురు! తినుబండారములు నడచివచ్చిన త్రోవను వాని పేర్లు తెలుపును. వాని యందు రాజ్యాధికారము లేదు.

పేరు మార్చి పగ తీర్చుకొనవలెనను వెఱ్ఱి మనకే పుట్టినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున దక్షిణ ఆస్ట్రేలియాలో బెర్లిను పేరున్న తీపిరొట్టెకు ఆంగ్ల సేనాని కిచెనరు పేరు పెట్టిరి. 2003లో ఇరాకు యుద్ధమునకు ఫ్రాన్సు సమ్మతింపలేదని అమెరికా శాసనసభ భోజనశాలలో ఫ్రెంచ్ ఫ్రైస్ అను ఆలుగడ్డ వేపుడునకు ఫ్రీడమ్ ఫ్రైస్ అని పేరు మార్చిరి. 2006లో ఏ సందడియు లేక పాతపేరే తిరిగి వచ్చెను. వేపుడు మాఱలేదు, ఫ్రాన్సును మాఱలేదు.

ఇప్పుడు మన సీమ మాట. కర్నూలునకు పూర్వనామము కందెనవోలు. అలంపురము గుడులకు రాళ్లు తోలు బండ్లకు తుంగభద్ర దాటుటకు ముందు ఇచ్చట కందెన పూసెడివారని పెద్దలు చెప్పుదురు. ఆ బండ్లు లేవు, ఆ కందెన లేదు. పేరులో మాత్రము అవి మిగిలినవి. ఇది పాతకాలపు కథ. కన్నులార చూచిన కథ మఱియొకటి కలదు. కృష్ణానదిపై శ్రీశైలము ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగెను. జలాశయము క్రింద కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో నూరింటికి దరిదాపుగా ఊళ్లు మునిగినవి. 1981లో జనులను ఖాళీ చేయించిరి. లక్షకు మించినవారు నిలువ నీడ పోగొట్టుకొనిరి. గుడులను సైతము రాయి రాయిగా విప్పి తరలించిరి. రూపాల సంగమేశ్వరాలయము కర్నూలు ప్రక్కనున్న జగన్నాథగట్టునకు చేరెను; కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు చేరెను. తావు మాఱినను పాతపేర్లే నిలిచినవి. కడప జిల్లాలో గండికోట జలాశయము నిండిన 2020లో తాళ్లప్రొద్దుటూరు ప్రజలు ఇండ్లు విడిచి పోయిరి. వారికై కట్టిన కాలనీకి ఆ యూరి పేరే నిలిచెను.

మా తరగతులలో అట్టి కుటుంబముల పిల్లలు కలరు. “మీ యూరేది?” యని యడిగిన, తాము పుట్టిన కాలనీ పేరు చెప్పరు. తాత పుట్టిన యూరి పేరు చెప్పుదురు. ఆ యూరు నీటి యడుగున నున్నది. వేసవిలో జలాశయము తగ్గినప్పుడు మొండిగోడలు తేలును. ముసలివారు పోయి, ఇది మా వాకిలి, ఇది మా బావి యని చూపి కన్నీరు పెట్టుకొందురు. మునిగిన యూరి పేరు పలుకవద్దని వారితో ఎవ్వరైనను చెప్పినచో మనము సహింతుమా? ఖాన్‌చంద్ రమ్నాని యూరు నీట మునుగలేదు, సరిహద్దు గీత వెనుక మునిగెను. భేదమంతయు అంతియే. మన వృద్ధులకైనను వేసవిలో గోడలు కనబడును. ఆయన తరమువారికి అదియు లేదు. వారికి మిగిలినది ఆ పేరొక్కటే. కరవునకు ఏటేట గుంటూరు మిరపచేలకు వలసపోవు జనులున్న సీమ మనది. ఊరు విడుచుట యనగా నేమో పుస్తకము చూడకయే తెలిసినవారము. అందుచేతనే పేరు చెరుపుమనుట మనకు బొత్తిగా తగదంటిమి.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. మీరు నగరమునుండి తెచ్చిన పెట్టెను పిల్లల ముందు తెఱచునపుడు దానిమీది పేరును చదివించుడు. ఆ యూరు ఎక్కడ నున్నదో, ఆ పేరు ఇక్కడి కెట్లు వచ్చినదో రెండు మాటలలో చెప్పుడు. బిస్కత్తు తినుటకు పట్టునంత కాలమే ఆ మాటకును పట్టును. తోడి ఉపాధ్యాయులకు మనవి: దేశవిభజన పాఠమును తేదీలతో ముగింపక, విడిచివచ్చినవారి యూళ్ల పేర్లతో చెప్పుడు.

విద్యార్థులారా, మీకొక పని యప్పగించుచున్నాము. ఈ వేసవి సెలవులలో మీ వీధిలోని పెద్దలయొద్దకు పోయి, వారు పుట్టిన యూరేదో, దానిని ఎప్పుడు ఏల విడిచిరో అడిగి యొక నోటుపుస్తకమున వ్రాసికొనుడు. మునిగిన యూళ్ల పేర్లు ఎక్కువమంది నోట లేవు, ముసలివారితోనే పోవుచున్నవి. సెలవుల పిమ్మట ఆ పుస్తకములను పాఠశాలకు తెండు. అన్నింటిని కూర్చి గ్రంథాలయమున నుంచెదము. ఎవరైనను ఒక యంగడి ముందర నిలిచి పేరు చెరుపుడని కేకలు వేయుచున్న వార్త మీ చెవిని పడినప్పుడు, ఆ పుస్తకము తెఱచి అందులోని పేర్లను చదువుడు. ఏది న్యాయమో అప్పుడు మీకు మేము చెప్పవలసిన పని యుండదు.